కోడు ఈగలు: కొత్త జాతిని గుర్తించి, వర్ణించి, పేరు పెట్టడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోడు ఈగ అంటే ఏది?

వరిలో ఉల్లికోడు తెచ్చేది, నువ్వు కాయను బుడిపెలా ఉబ్బించేది, మల్లె మొగ్గను ఊదారంగుకు తిప్పి రాల్చేది అన్నీ ఒకే కుటుంబం ఈగలు. శాస్త్రంలో ఆ కుటుంబం పేరు సెసిడోమైడే. పెద్ద ఈగ చూడ్డానికి బక్క దోమలా ఉంటుంది, పొడవు సాధారణంగా 1 నుంచి 5 మి.మీ. లోపే. కాళ్లు పొడవు, రెక్కల్లో ఈనెలు బాగా తక్కువ, మీసాలు పూసలు గుచ్చినట్టుంటాయి. అది బతికేది ఒకటి రెండు రోజులు. మొక్కను బుడిపెగా మార్చేది పెద్ద ఈగ కాదు, దాని పిల్లపురుగు.

ఈ కుటుంబంలో అన్నీ బుడిపెలు కట్టవు. బూజు తినేవి, పేనుబంకనూ మొక్కల మీది నల్లినీ తినేవి కూడా ఉన్నాయి. బుడిపెలు కట్టేవన్నీ సెసిడోమైనే అనే ఒక్క ఉపకుటుంబంలోనివే. ఈ ఈగల నిపుణులు గాన్యే, యాష్‌హోఫ్ కలిసి కూర్చిన ప్రపంచ జాబితాలో పేరున్న జాతులు 6,600 పైచిలుకు. అసలు ఉన్నవాటిలో ఇదెంత? డీఎన్ఏ బార్‌కోడ్‌ల (జాతిని గుర్తుపట్టడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కల) ఆధారంగా 2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ఒక్క కెనడాలోనే ఈ కుటుంబం జాతులు 16,000కు పైనే. చలిదేశం లెక్కే అలా ఉంటే, మన తూర్పు కనుమల్లో పేరు లేనివి ఎన్నో ఊహించుకోవచ్చు. కొత్త జాతి కంటపడటం కష్టం కాదు, అది కొత్తదని నిరూపించడమే కష్టం.

ఆకు మీద బుడిపె కనిపిస్తే అది కోడు ఈగ పనేనా?

కాకపోవచ్చు. కానుగ ఆకు మీద వేళ్లలా లేచే బుడిపెలు కంటికి ఆనని నల్లి పని. ఏడాకుల పొన్న ఆకుల మీద గుండ్లు, నల్లమద్ది ఆకుల మీద బుడిపెలు సిల్లిడ్ అనే రసం పీల్చే చిన్న పురుగులవి. యూకలిప్టస్ కాడల మీద కణుతులు కట్టేది లెప్టోసైబ్ ఇన్వేసా అనే చిన్న కందిరీగ. అదే దొండ కాండం మీద ఉబ్బు, కాకర తీగ మీద ఉబ్బు, గుంపెన ఆకు మీద బుడిపెలు మాత్రం కోడు ఈగలవే.

తేల్చుకోవాలంటే బ్లేడుతో కోసి, 20 రెట్లు చూపే భూతద్దంతో చూడాలి. కోడు ఈగ పిల్లపురుగుకు కాళ్లుండవు, తల ఉందో లేదో అన్నట్టుంటుంది. ఒళ్లు నారింజ, పసుపు లేదా తెలుపు రంగు. ముదిరిన పురుగును వెల్లకిలా తిప్పితే ఛాతీ మీద గోధుమ రంగు చిన్న గరిటె కనిపిస్తుంది. దాని పేరు స్టెర్నల్ స్పాచులా. అది కనిపిస్తే ఇక సందేహం లేదు. కనిపించకపోతే మాత్రం కాదని తీర్మానించకండి: చిన్న దశల్లో గరిటె ఉండదు, కొన్ని జాతుల్లో చివరి దశలో కూడా ఉండదు. తెల్లగా, కామా ఆకారంలో వంగి, నోటి దగ్గర రెండు చిన్న గోధుమ దవడలు కనిపించే పురుగైతే అది కందిరీగ పిల్ల. అది ఈ బుడిపె యజమాని కాకుండా, యజమానిని తినేసిన పరాన్నజీవి అయ్యుండే అవకాశమే ఎక్కువ.

ఎన్ని బుడిపెలు సేకరించాలి?

కనీసం 50. తక్కువ తెస్తే చివర్లో ఏదో ఒక దశ లేక పని ఆగిపోతుంది. తెచ్చినవాటిని మూడు వాటాలు చేయండి. మొదటి వాటాను అదే రోజు కోసి, ఒక్కో బుడిపెలో ఎన్ని గదులు, గదికి ఎన్ని పురుగులు అని రాసుకుని, పురుగుల్ని భద్రపరచాలి. రెండో వాటా ఈగలు బయటికి రావడానికి. మూడో వాటాను కొమ్మతో సహా ఫొటో తీసి, కొన్నింటిని పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టాలి.

మొక్క గుర్తింపు ఇక్కడ సగం పని. కోడు ఈగల్లో ఎక్కువ భాగం ఒకే మొక్క ప్రజాతికి (జీనస్‌కు) కట్టుబడి ఉంటాయి. అందుకే 'ఏదో తుమ్మ చెట్టు' అని రాసుకొస్తే పనికిరాదు. పువ్వు, కాయ ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి, కాగితానికి అంటించి హెర్బేరియం షీటుగా చేసి వృక్షశాస్త్రం తెలిసినవారికి చూపించండి. ఆ షీటు నంబరు తర్వాత వ్యాసంలోకి ఎక్కాలి.

సీసాలో వేసే చీటీ మీద పెన్సిలుతో రాయండి. బాల్ పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగి, ఆరు నెలలకు తెల్లకాగితం మిగులుతుంది. ఊరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, మొక్క పేరు, సేకరించినవారి పేరు ఉంటే చాలు.

ఈగల్ని బుడిపెల్లోంచి ఎలా రప్పించాలి?

ముందు తెలుసుకోవాల్సింది ఆ జాతి ప్యూపా దశ ఎక్కడ గడుపుతుందన్నది. కొన్ని బుడిపెలోనే ప్యూపాగా మారి, దాన్ని తొలుచుకుని వస్తాయి. వరి ఉల్లికోడు ఈగ ఆ రకమే, అది వదిలిన ప్యూపా పొర ఉల్లికాడలాంటి గొట్టం చివర వేలాడుతూ కనిపిస్తుంది. మరికొన్నింటి పిల్లపురుగులు బుడిపె వదిలి నేలలోకి దిగి అక్కడ ప్యూపా అవుతాయి. మల్లె మొగ్గ ఈగ అలాంటిది. రెండో రకాన్ని ఉత్త సంచిలో పెడితే పురుగులు అడుగున ఎండి చస్తాయి.

కాబట్టి రెండు ఏర్పాట్లూ చేయండి. మందపాటి ఆకుల్నీ కాండాల్నీ జిప్ సంచుల్లో, మడిచిన టిష్యూ పేపరుతో పెట్టండి. టిష్యూ చెమ్మను పీల్చుకుంటుంది. రోజూ ఒకసారి సంచి తెరిచి గాలి మార్చి, తడిసిన టిష్యూ తీసేయాలి. మొగ్గలు, పూలు, పల్చటి ఆకులైతే మూతకు సన్నని గుడ్డ కట్టిన డబ్బాలో, అడుగున 3 నుంచి 4 సెం.మీ. మందాన జల్లించి వేడిచేసి చల్లార్చిన ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం కలిపి పోయండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. డబ్బాను నీడలో, చీమలు ఎక్కకుండా నీళ్ల పళ్లెంలో పెట్టండి.

ఎక్కువగా చెడేది ఇక్కడే. లేత బుడిపెలు కోసుకొస్తే ఆకు వాడిపోయి పురుగు ఆకలితో చస్తుంది. కోసి చూసినప్పుడు గరిటె ఉన్న పురుగులో ప్యూపాలో కనిపిస్తేనే పెంపకానికి తేవాలి. చెమ్మ ఎక్కువైతే బూజు, తక్కువైతే ప్యూపా పొరలోనే ఈగ ఇరుక్కుపోవడం.

ఈగ బయటికి రాగానే ఆల్కహాల్‌లో వేయకండి. అప్పుడు ఒళ్లు మెత్తగా ఉంటుంది, స్లైడు మీద ముడుచుకుపోతుంది. కొన్ని గంటలు ఆగి, రంగు గట్టిపడ్డాక బతికున్నప్పుడే ఒక ఫొటో తీసి, ఆపై 70% ఆల్కహాల్‌లో వేయండి. డీఎన్ఏ కోసం ఉంచేవాటిని 95% ఆల్కహాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టాలి. పిన్నుకు గుచ్చి ఆరబెట్టే పద్ధతి దీనికి పనికిరాదు, ఎండిన కోడు ఈగ చేతిలో పొడి అవుతుంది. వదిలేసిన ప్యూపా పొరల్ని చెత్త అనుకుని పారేయకండి, వాటి అవసరం ముందుంది.

ఒకే బుడిపె నుంచి రెండు రకాల కోడు ఈగలు, ఒక కందిరీగ వచ్చాయి. ఏది అసలుది?

కందిరీగను పక్కన పెట్టొచ్చు. ప్లాటిగాస్టర్ వంటివీ, యూలోఫిడే, టోరిమిడే కుటుంబాలవీ ఈగ పిల్లల మీద బతికే పరాన్నజీవులు. చాలా సేకరణల్లో ఈగల కంటే ఇవే ఎక్కువ వస్తాయి, అందుకు నిరుత్సాహపడక్కర్లేదు. వాటిని కూడా విడిగా దాచండి.

చిక్కంతా రెండో కోడు ఈగతో. ఇతరులు కట్టిన బుడిపెలో అద్దె లేకుండా కాపురముండే జాతులున్నాయి. ట్రోటేరియా ప్రజాతి ఈగలు అస్ఫాండిలియా అనే మరో కోడు ఈగ ప్రజాతి బుడిపెల్లోంచి రావడం మామూలే. క్లినోడిప్లోసిస్ వంటివి కుళ్లుతున్న కణజాలంలో చేరతాయి. పాత వర్ణనల్లో ఇలాంటి అద్దెదారుకు యజమాని పేరు కట్టబెట్టిన సందర్భాలున్నాయి.

తేడా తెలిసేది పెంపకం డబ్బాలో కాదు, తాజాగా కోసిన బుడిపెలో. లేత బుడిపె నుంచి ముదురు దాకా వరుసగా కోసుకుంటూ పోతే, ప్రతి దశలోనూ గది మధ్యలో కనిపించే పురుగే అసలుది. ముదిరాకే, గది అంచుల్లోనో కుళ్లిన చోటో కనిపించేది అద్దెదారు. పిల్లపురుగుకూ పెద్ద ఈగకూ ముడి వేయడానికి డీఎన్ఏ బాగా ఉపయోగపడుతుంది. డీఎన్ఏ లేకపోతే, ఒకే పురుగు ఉన్న బుడిపెల్ని ఒక్కో గొట్టంలో ఒక్కోటి పెట్టి పెంచాలి.

స్లైడు తయారీ ఎలా?

ఈ ఈగల్ని స్లైడు లేకుండా గుర్తించడం కుదరదు. పని వరుస ఇది.

1. ఆల్కహాల్‌లోంచి తీసిన ఈగ రెక్క ఒకటి సన్నని సూదితో ఊడదీసి పక్కన ఉంచండి. రెక్కను కాస్టిక్‌లో (కింద చెప్పే పొటాషియం హైడ్రాక్సైడ్‌లో) వేయకూడదు.
2. మిగతా శరీరాన్ని 10% పొటాషియం హైడ్రాక్సైడ్‌లో గది వేడిమి దగ్గర రాత్రంతా ఉంచండి. తొందరుంటే 60 నుంచి 70 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడిచేయొచ్చు, కానీ కన్ను తిప్పకుండా చూడాలి. ఎక్కువసేపైతే మీసాల మీది సన్నని దారాలు మాయమవుతాయి.
3. నీళ్లలో కడిగి, రెండు మూడు చుక్కలు గ్లేసియల్ అసిటిక్ యాసిడ్ కలిపిన నీటిలో 10 నిమిషాలు ఉంచండి. కాస్టిక్ మిగిలిపోతే కొన్నేళ్లకు స్లైడులో స్ఫటికాలు కడతాయి.
4. 70%, 95%, ఆపై పూర్తి శుద్ధమైన ఆల్కహాల్‌లో ఒక్కోదాంట్లో 10 నిమిషాలు. తర్వాత లవంగ నూనెలో 10 నిమిషాలు.
5. స్లైడు మీద కెనడా బాల్సమ్ చుక్కలు పెట్టి తల, ఛాతీ, పొట్టలను విడదీసి, రెక్కతో కలిపి నాలుగు చిన్న కవర్‌స్లిప్పుల కింద అమర్చండి. మగ ఈగ జననాంగం వీపు పైకి ఉండేలా, ఆడ ఈగ గుడ్లు పెట్టే గొట్టం పక్కకు ఉండేలా పెట్టాలి.
6. 40 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని వారాలు ఆరనివ్వండి.

కోస్తాలో వానాకాలం ఈ పని చేస్తే తరచూ వచ్చే ఫిర్యాదు: బాల్సమ్‌లో ఈగ చుట్టూ పాలలా తెల్లబడింది అని. శుద్ధ ఆల్కహాల్ సీసా మూత తీసినప్పుడల్లా గాలిలో చెమ్మ లాక్కుంటుంది. ఆ నీళ్లే బాల్సమ్‌ను తెల్లబరుస్తాయి. చిన్న సీసాల్లో పోసి వాడుకుని, మిగిలింది మళ్లీ పెద్ద సీసాలో కలపకండి. ఇంకో తప్పు: కవర్‌స్లిప్పు బరువుకు మగ జననాంగం అప్పడంలా నలిగి, ఆకారం మారి, అదే కొత్త లక్షణంగా వ్యాసంలోకి ఎక్కడం. పగిలిన కవర్‌స్లిప్పు ముక్కల్ని ఆనుగా పెడితే ఇది తప్పుతుంది. నీటిలో కరిగే హోయర్స్ ద్రవం సులువే, కానీ ఎండి పగుళ్లు తీస్తుంది. టైప్ నమూనాలకు (జాతి పేరుకు ఆధారంగా శాశ్వతంగా దాచేవాటికి) దాన్ని వాడొద్దు.

ఏయే భాగాలు చూడాలి? ఎంత పెద్దగా?

400 రెట్లు చాలావరకు సరిపోతుంది, పాపిల్లాలు (చర్మం మీది అతి చిన్న బొడిపెలు) లెక్కపెట్టడానికి 1,000 రెట్ల ఆయిల్ లెన్సు కావాలి. ఫేజ్ కాంట్రాస్ట్ ఉంటే కళ్లకు పుణ్యం.

మీసంలో ఖండాలెన్నో మొదట లెక్కపెట్టండి. సెసిడోమైనే ఉపకుటుంబంలో ఒక విభాగమైన సెసిడోమైడి పెద్దగణంలో అవి సాధారణంగా 12, మగదాని ప్రతి ఖండం నడుమ నొక్కినట్టుండి రెండు పూసలుగా కనిపిస్తుంది. ఖండాల చుట్టూ అల్లుకున్న దారాలను సర్కంఫైలా అంటారు, అవి వలయాలుగా ఉన్నాయా, వంకర్లు తిరిగాయా అనేది ప్రజాతిని పట్టించే గుర్తు. లాసియోప్టెరిడి అనే మరో పెద్దగణం వైపు ఖండాల సంఖ్య ఒకే జాతిలోనే మారుతుంటుంది, ఒక్క ఈగను లెక్కపెట్టి ఊరుకోవద్దు. తర్వాత పాల్ప్ (నోటి పక్కన ఉండే చిన్న స్పర్శాంగం) ఖండాలు, గోళ్లకు పళ్లున్నాయా లేదా, రెక్కలో ఆర్-5 ఈనె రెక్క చివరకు ముందే ముగుస్తుందా దాటిపోతుందా అన్నవి.

జాతి స్థాయిలో తీర్పు చెప్పేది ఎక్కువగా మగ జననాంగం: అందులోని గోనోకాక్సైట్, గోనోస్టైలస్, ఈడీగస్, హైపోప్రాక్ట్ అనే భాగాల ఆకారాలు. ఆడదానిలో గుడ్లు పెట్టే గొట్టం పొడవు, దాని చివర్లో సెర్సై అనే తమ్మెలు. పిల్లపురుగులో గరిటె ఆకారం, దాని పళ్లు, చివరి ఖండం పాపిల్లాలు. ప్యూపాలో తలమీది కొమ్ములు, వీపు ముళ్లు.

అస్ఫాండిలియా జాతులన్నీ ఒకేలా ఉన్నాయి. ఏం చేయాలి?

అవి నిజంగానే ఒకేలా ఉంటాయి, మీ కళ్ల తప్పు కాదు. ఈ ప్రజాతిలో పెద్ద ఈగలతో జాతిని విడదీయడం చాలాసార్లు కుదరదు. ఇందాక దాచమన్న ప్యూపా పొరలు ఇక్కడ పనికొస్తాయి: బుడిపెను తొలిచే తల కొమ్ముల ఆకారం, వాటి కింది చిన్న ముళ్ల అమరిక, పిల్లపురుగు గరిటె పళ్లు చూడాలి. వీటి బుడిపె లోపలి గోడకు బూజు పూత ఉంటుంది, అది కుళ్లు కాదు. పురుగుకు ఆహారంగా ఈగే వెంట తెచ్చిన బూజు అది.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. 'మొక్క వేరు కాబట్టి జాతి వేరు' అనే సూత్రం అస్ఫాండిలియా దగ్గర చెల్లదు. జపాన్‌లో సోయాచిక్కుడు కాయను పట్టే అస్ఫాండిలియా యుషిమై చలికాలం వేరే కుటుంబపు చెట్టు మీద గడుపుతుంది. మధ్యధరా ప్రాంతపు అస్ఫాండిలియా గెన్నాడై పూర్తి వేరు కుటుంబాల మొక్కల మీద బతుకుతుంది. మన దగ్గర మిరప కాయను గిడసబార్చే ఈగకు సైతం రచనల్లో ఒకచోట క్యాప్సిసి, మరోచోట క్యాప్పారిస్ అని రెండు జాతి పేర్లు కనిపిస్తాయి. వంగ, మిరప, నువ్వుల నుంచి వచ్చిన అస్ఫాండిలియాలను పక్కపక్కన పెట్టి, డీఎన్ఏతో కలిపి చూడకుండా కొత్త పేరు పెట్టొద్దు.

ఇది కొత్త జాతేనని ఎప్పుడు అనొచ్చు?

రెండు దిక్కుల నుంచి వెతకాలి. ఒకటి, ఆ మొక్క ప్రజాతి మీద ప్రపంచంలో ఎక్కడైనా నమోదైన కోడు ఈగలన్నీ. రెండు, ఆ ఈగ ప్రజాతిలో మన ప్రాంతం నుంచి వర్ణించినవన్నీ. భారతదేశపు జాతుల్లో చాలావాటికి పేరు పెట్టినవారు కీటకశాస్త్రజ్ఞులు ఫెల్ట్, ఎం.ఎస్. మణి, గ్రోవర్. ఫెల్ట్ న్యూయార్క్‌లో కూర్చుని, ఇక్కడి నుంచి పంపిన కొద్దిపాటి నమూనాలతో వర్ణించారు. పాతకాలపు మరో కీటకశాస్త్రజ్ఞుడు కీఫర్ వర్ణించిన జాతుల టైప్‌లలో చాలావరకు ఇప్పుడు లేవు. ఆ రోజుల వర్ణన నాలుగైదు వాక్యాలే, బొమ్మ ఉంటే అదృష్టం. అందువల్ల పాత వర్ణనతో సరిపోలలేదు అనేది కొత్త జాతికి రుజువు కాదు. టైప్ ఉంటే చూడాలి. లేకపోతే మొదట దొరికిన ఊరికే వెళ్లి, అదే మొక్క మీద కొత్తగా సేకరించి పోల్చాలి.

వరి ఈగ కథ దీనికి మంచి పాఠం. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన వుడ్-మేసన్ 1889లో దీన్ని సెసిడోమైయా ఒరైజే అన్నారు, ఇప్పుడది ఆర్సియోలియా ఒరైజే. ఆఫ్రికా వరిలో ఉల్లికోడు కనిపించినా అదే ఈగ అనుకున్నారు: పంట అదే, గొట్టం అదే. 1982లో హారిస్, గాన్యే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఆఫ్రికాది వేరని ఆర్సియోలియా ఒరైజివోరా అని పేరు పెట్టారు. తర్వాత పశ్చిమాఫ్రికాలో అరికె గడ్డి మీది ఈగ కూడా వరి ఈగ కాదని తేలి, 1999లో ఆర్సియోలియా బోంజీ అయింది. గడ్డి మీది ఈగ వరికి పాకదని తెలిస్తే గట్ల మీద అరికె గడ్డిని పీకాలా వద్దా అన్న సలహాయే మారుతుంది.

ఉల్లికోడు బయోటైప్‌లకు జాతి పేరు పెట్టొచ్చా?

కూడదు. మన దేశంలో ఏడు బయోటైప్‌లు నమోదయ్యాయి, వాటిలో 4ఎం వరంగల్ నుంచి. అవి వేరుపడేది ఏ వరి రకం నిరోధక జన్యువును దాటగలవు అన్న లెక్కలో. అన్నీ ఒకే జాతి.

డీఎన్ఏ బార్‌కోడ్ ఉంటే వర్ణన దేనికి?

సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్క జాతుల్ని విడదీయడానికి మంచి సాయం, కానీ పోల్చడానికి పాత జాతుల బార్‌కోడ్‌లు చాలావరకు లేవు. డేటాబేస్‌లో సరిపోలలేదంటే 'ఎవరూ చదవలేదు' అని అర్థం, 'కొత్తది' అని కాదు. ఆ ముక్కకు ప్రతులు తీయడానికి మామూలుగా వాడే ఫోల్మర్ ప్రైమర్లు (చిన్న డీఎన్ఏ తునకల జత) ఈ కుటుంబంలో కొన్నిసార్లు పనిచేయవు, వేరే జత దగ్గర ఉంచుకోండి. పిల్లపురుగు నుంచి తీసిన డీఎన్ఏలో లోపల దాగిన పరాన్నజీవి కందిరీగ వరుస రావడం మామూలే. కాబట్టి వచ్చిన వరుస ఈగలదో కందిరీగలదో ముందు చూసుకోండి.

ఈగను నూరేయకండి. ప్రొటీన్లను కరిగించే ఎంజైము ప్రొటీనేజ్-కె ద్రవంలో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే కణజాలం కరిగి డీఎన్ఏ ద్రవంలోకి వస్తుంది, చర్మం చెక్కుచెదరదు. దాన్నే స్లైడు చేయొచ్చు. ఒకే ఈగకు బార్‌కోడూ స్లైడూ రెండూ ఉంటే తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేరు.

బుడిపె ఫొటో చాలా ప్రత్యేకంగా ఉంది. దానితోనే పేరు పెట్టొచ్చా?

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ఒప్పుకోదు. 1930 తర్వాత, ఇప్పటికీ ఉన్న జంతువు చేసిన పని (ఇక్కడ బుడిపె) ఆధారంగా మాత్రమే పెట్టిన పేరు చెల్లదు. అంతకు ముందు బుడిపె చూసి పెట్టిన పేర్లు మాత్రం చెల్లుతాయి. కాబట్టి వెతికేటప్పుడు వాటినీ లెక్కలోకి తీసుకోవాలి.

పేరు చెల్లాలంటే వ్యాసంలో ఏముండాలి?

కొత్త జాతి అని స్పష్టంగా చెప్పాలి. ఇతర జాతుల నుంచి ఎలా వేరో రాయాలి. 1999 తర్వాత పెట్టిన పేరుకు హోలోటైప్‌ను (పేరుకు ఆధారమైన ఒక్క నమూనాను) లేదా సింటైప్‌లను (ఒకటికి మించిన నమూనాలను) తప్పనిసరిగా ప్రకటించి, అవి ఏ సంస్థలో, ఏ ఊళ్లో ఉంటాయో చెప్పాలి. ఆన్‌లైన్‌లోనే వచ్చే పత్రికైతే ప్రచురణకు ముందే జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ నంబరు వ్యాసంలోనే అచ్చవ్వాలి. ఇది మరిచి, ఏడాది తర్వాత పేరు చెల్లదని తెలిసి తల పట్టుకునేవారు తక్కువేం కాదు.

హోలోటైప్ ఒకే ఈగ కావాలి, వీలైతే మగది. ఒక స్లైడు మీద ఒకే ఈగ ఉంచితే గొడవ ఉండదు. పేరు విశేషణమైతే ప్రజాతి లింగానికి కుదరాలి: -డిప్లోసిస్, -మైయా అని ముగిసేవి స్త్రీలింగం, అక్కడ ఇండికస్ కాకుండా ఇండికా అనాలి. మొక్క పేరును షష్ఠిలో పెడితే, సెసామి లాగా, ఆ బాధ లేదు.

నమూనాల్ని మన దగ్గరే ఉంచుకోవచ్చా? విదేశీ నిపుణుడికి పంపొచ్చా?

జీవవైవిధ్య చట్టం 2002లోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు గుర్తింపు పొందిన భాండాగారానికి తెలియజేసి, నమూనాను అక్కడ జమచేయాలి. కీటకాలకు కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ (జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో) వంటివి ఉన్నాయి. దేశం బయటికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలు ముందుగా చూసుకోండి. రిజర్వు అడవిలో సేకరణకు అటవీశాఖ అనుమతి వేరే కావాలి. వ్యాసం పంపేటప్పుడు పత్రికలు ఈ కాగితాలు అడుగుతాయి, సేకరణకు ముందే తీసుకుంటే మేలు.

ఆడ ఈగలే వచ్చాయి, మగది ఒక్కటీ లేదు. వర్ణించవచ్చా?

నియమావళి అడ్డు చెప్పదు, కానీ ఆగడమే మంచిది. చాలా జాతుల్లో ఒక తల్లి ఈగ సంతానమంతా ఆడవే, లేదా అంతా మగవే. ఒకే కొమ్మ నుంచి బుడిపెలు కోస్తే అన్నీ ఒకే తల్లి పిల్లలయ్యుండొచ్చు. పది వేర్వేరు చెట్ల నుంచి, చెట్టుకు ఐదు చొప్పున కోసి చూడండి. అప్పటికీ రాకపోతే చెట్లకు గుర్తు కట్టి, తర్వాతి చిగురు సమయానికి వెళ్లండి. లేత బుడిపె మొదట కనిపించిన తేదీ ఈసారే రాసి పెట్టుకుంటే, వచ్చే ఏడు ఎప్పుడు బయల్దేరాలో తెలుస్తుంది.